చిత్తుప్రతిలో మిగిలిపోయిన సినిమా

సంపాదకులు గారికి, నమస్కారాలు.

గత ఆదివారం మీ సినిమా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. రచయిత ఒక మంచి కథ రాసుకుంటాడనీ, నిర్మాత, పంపిణీదారు, సెన్సారు సభ్యుడు తలా ఒక చెయ్యి వేసి దాన్ని పాడుచేస్తారనీ, రాసినవాణ్ణి అతని మానాన వదిలేస్తే తెలుగు సినిమా బాగుపడుతుందనీ ఆ వ్యాసకర్త అభిప్రాయం. ఈ ఆవేదన కొత్తది కాదు, నిరాధారమైనదీ కాదు. అయితే ఆ వాదనలో సగమే నిజముంది. మనం తరతరాలుగా ఇష్టపడి చూస్తున్న చిత్రాల్లో చాలావాటికి ఇప్పుడున్న రూపం వచ్చింది, వాటి మొదటి ప్రతిని ఎవరో ఒకరు కాదన్నందువల్లే. కాబట్టి కథలో ఎవరు వేలు పెట్టారన్న ప్రశ్న కంటే, ఏ దశలో పెట్టారు, ఏమి తోచి పెట్టారు అన్న ప్రశ్నలే ముఖ్యమని నాకనిపిస్తుంది. ఆ రెండు ప్రశ్నలకు జవాబు దొరికే కాగితాలను మనం దాచుకోవడం లేదన్నది నా అసలు ఫిర్యాదు.

విజయా సంస్థ 1962లో విడుదల చేసిన ‘గుండమ్మ కథ’ను తీసుకుందాం. ఆ చిత్రానికి మూలం ‘మనె తుంబిద హెణ్ణు’ అనే కన్నడ సినిమా. నిర్మాత నాగిరెడ్డి గారు దాని హక్కులు తీసుకుని, డి.వి. నరసరాజు గారి చేత తెలుగు చిత్రానువాదం (స్క్రీన్‌ప్లే) రాయించి, దర్శకత్వం కోసం పి. పుల్లయ్య గారిని అనుకున్నారు. ఆ ప్రతి పుల్లయ్య గారికి నచ్చలేదు. మామూలు సంస్థ అయితే అక్కడ దర్శకుణ్ణి మార్చి అదే కథతో ముందుకు పోయేది, లేదా కథను అటకెక్కించేది. నాగిరెడ్డి గారి భాగస్వామి చక్రపాణి గారు మాత్రం ఆ ప్రతిని పక్కన పెట్టి కథను మళ్లీ మొదటినుంచి అల్లారు. కన్నడంలో భార్యకు లొంగి ఉండే భర్త పాత్ర ఒకటుంటే దాన్ని పూర్తిగా తీసేసి గుండమ్మను వితంతువును చేశారు. షేక్స్‌పియర్ నాటకం ‘టేమింగ్ ఆఫ్ ది ష్రూ’లోని పొగరుబోతు పిల్ల కథను తెచ్చి ఇందులో కలిపారు. చివరికి అప్పటిదాకా పౌరాణికాలకు పేరుపడిన కమలాకర కామేశ్వరరావు గారికి ఈ సాంఘికాన్ని అప్పగించారు.

ఆ ఒక్క భర్త పాత్ర తీసివేత ఎంత పని చేసిందో ఆలోచించండి. మొగుడున్న గయ్యాళి అయితే ఇంట్లో ఆమె నోటికి ఎదురు నిలవని ఒక దద్దమ్మ కనిపించేవాడు, నవ్వంతా అతనిమీదికి పోయేది. మొగుడు లేని గుండమ్మ ఆస్తిని, ఇద్దరు ఆడపిల్లలను, ఊరి నోళ్లను ఒంటరిగా కాచుకోవలసిన మనిషి. ఆమె కోపానికి ఒక కారణం దొరికింది, ఆమె అమాయకత్వానికి చోటు దొరికింది, సూర్యకాంతం గారికి జీవితకాలం నిలిచే పాత్ర దొరికింది. రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, జమున, ఎస్.వి. రంగారావు ఉన్న చిత్రానికి ఒక అత్తగారి పేరు పెట్టే ధైర్యం కూడా ఆ మార్పులోంచే వచ్చిందని నా ఊహ. అక్కడ నిర్మాత జోక్యం లేకపోతే ఆ ‘గుండమ్మ కథ’ మనకు లేదు. ఇదంతా కెమెరా తిరగకముందు, కాగితం మీద జరిగిందన్న సంగతిని మాత్రం గుర్తు పెట్టుకోవాలి. సెట్టు వేశాక అయితే ఆ పాత్రను అంత తేలికగా తీసేయగలిగేవారు కాదు.

అదే సంస్థ 1955లో తీసిన ‘మిస్సమ్మ’లో ఇంకో రకం నిర్ణయం కనిపిస్తుంది. నాయిక మేరీ పాత్రకు మొదట భానుమతి గారు. కొన్ని రీళ్లు తీశారు కూడా. ఒకనాడు ఆమె ఆలస్యంగా సెట్టుకు రావడం మీద చక్రపాణి గారికీ ఆమెకూ మాటపట్టింపు వచ్చి, తీసిన రీళ్లను వదులుకుని, రెండో నాయికగా ఉన్న సావిత్రి గారిని ఆ పాత్రలోకి మార్చారు. సావిత్రి గారి పాత్రలోకి జమున గారు వచ్చారు. ఇందులో కళాదృష్టి ఏమీ లేదు, ఉన్నది కేవలం ఇద్దరి పంతం. భానుమతి గారి మేరీ ఎలా ఉండేదో మనకు ఎన్నడూ తెలియదు. బహుశా ఆమెకు సహజమైన అధికారంతో, వెక్కిరింతతో ఆ పాత్ర ఇంకో చిత్రంగా తయారయ్యేదేమో. సావిత్రి గారి మేరీలో ఉన్న బింకం, దాని వెనక దాగిన బెరుకు, ఇప్పుడు మనకు కథలోనే పుట్టినట్టు అనిపిస్తాయి. నిజానికి అవి ఒక యజమాని పట్టుదల వల్ల మనకు దక్కినవి. మంచి ఫలితానికి మంచి ఉద్దేశమే కారణం కానక్కరలేదనడానికి మన సినిమా చరిత్రలో ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తోచడం లేదు.

వ్యాసకర్త హాలీవుడ్‌ను రచయితలకు నరకమన్నారు. అక్కడి కథా అంత సూటిగా లేదు. యానిమేషన్ సంస్థ పిక్సార్ వారి ‘టాయ్ స్టోరీ’ తయారవుతున్నప్పుడు, బొమ్మలు ఇంకా పూర్తిగా కదలని దశలో, 1993 నవంబరు 19న, డబ్బు పెడుతున్న డిస్నీ సంస్థ పెద్దలకు ఆ కథా చిత్రాల వరుసను వేసి చూపించారు. అందులో వుడీ అనే కౌబాయ్ బొమ్మ తోటి బొమ్మలను హింసించే దుర్మార్గుడిలా ఉన్నాడు. చూసినవారికి నచ్చక, పని ఆపించారు. అయితే వుడీ అలా తయారు కావడానికి కారణం, పాత్రలకు ఇంకా పదును కావాలని అంతకుముందు డిస్నీ వారే పదేపదే అడగడం. అంటే కథను చెడగొట్టిందీ ఆ సంస్థే, చెడిందని గుర్తించి ఆపిందీ ఆ సంస్థే. కొన్ని నెలల్లో పిక్సార్ వారు తమకు నచ్చినట్టు మళ్లీ రాసుకున్నారు, వుడీ మనసున్న నాయకుడయ్యాడు, 1995లో సినిమా విడుదలైంది. ఇక 1990 నాటి ‘ప్రెట్టీ ఉమన్’ మొదటి ప్రతి పేరు ‘3000’. జె.ఎఫ్. లాటన్ రాసిన ఆ ప్రతిలో, డబ్బున్న మనిషి తాను డబ్బిచ్చి వెంట తెచ్చుకున్న అమ్మాయిని చివరికి కారులోంచి దింపి వెళ్లిపోతాడు. డిస్నీ చేతికి వచ్చాక అది పెళ్లిపీటల కలగా మారింది. ప్రపంచం మెచ్చుకుంది. నాకు మాత్రం ఆ చిత్తుప్రతిలోని మొరటు నిజాయితీ ఎక్కువ నచ్చుతుంది. కానీ ఆ ప్రతితో తీసి ఉంటే ఆ సినిమాను ఇంతమంది చూసేవారని వాదించలేను.

గాయాలైన చోట్లు కూడా చెప్పాలి కదా. 1942లో అమెరికా దర్శకుడు ఆర్సన్ వెల్స్ ‘ది మాగ్నిఫిసెంట్ ఆంబర్‌సన్స్’ తీసి, వేరే పని మీద బ్రెజిల్ వెళ్లిన సమయంలో, ఆర్‌కెఓ సంస్థ ప్రయోగాత్మక ప్రదర్శనలో ప్రేక్షకులకు నచ్చలేదని నలభై నిమిషాలకు పైగా కోసి, ముగింపును వేరేవాళ్ల చేత తీయించి అతికించింది. కోసిన భాగం నెగటివ్‌ను కూడా ఉంచలేదు. 1982లో ‘బ్లేడ్ రన్నర్’కు కూడా అదే భయం పట్టుకుంది. ప్రేక్షకులకు అర్థం కాదేమోనని నాయకుడి చేత వ్యాఖ్యానం చెప్పించి, స్టాన్లీ కూబ్రిక్ తన ‘ది షైనింగ్’ కోసం తీసి వాడని కొండల దృశ్యాలు తెచ్చి ఒక సుఖాంతం తగిలించారు. అయితే ఇక్కడ ముడి పదార్థం మిగిలింది గనుక, 1992లో దర్శకుడి ప్రతి పేరుతోనూ, 2007లో దర్శకుడు రిడ్లీ స్కాట్ స్వయంగా సరిచేసిన ప్రతిగానూ ఆ సినిమా తిరిగి వచ్చింది. రెండూ సంస్థల భయం వల్ల జరిగిన పనులే. ‘బ్లేడ్ రన్నర్’లో వెనక్కి వెళ్లే దారి మిగిలింది, వెల్స్ సినిమాలో మిగలలేదు. వెల్స్ సినిమాను తలచుకునే ప్రతివారూ ఆ నెగటివ్ గురించే బాధపడటంలో వింతేమీ లేదు.

మన దేశంలో ఈ రెండు రకాల మార్పులనూ ఒకే సినిమాలో చూడాలంటే ‘షోలే’ ఉంది. సలీం–జావేద్ మొదట అనుకున్న కథలో తన కుటుంబం హత్యకు ప్రతీకారం కోరేది సైనికాధికారి, అతను పిలిపించేది ఇద్దరు మాజీ సైనికులను. సైన్యానికి సంబంధించిన సన్నివేశాలకు అనుమతులు దొరకడం కష్టమన్న ఉద్దేశంతో ఆ అధికారిని పోలీసును చేశారు. ఇద్దరు సైనికులు ఇద్దరు చిల్లర దొంగలయ్యారు. ఒక కార్యాలయపు ఇబ్బంది జై, వీరూలను పుట్టించిందన్నమాట. క్రమశిక్షణ గల సైనికులకు ఆ నాణెం ఎగరేసే ఆట, నీళ్ల ట్యాంకు మీది తాగుబోతు ప్రసంగం అతికేవా? అది కాగితం మీద జరిగిన మార్పు. సినిమా పూర్తయ్యాక ఎమర్జెన్సీ కాలపు సెన్సారు ఒత్తిడి మీద ముగింపు మారింది. ఆ అధికారి ఠాకూర్ బందిపోటు గబ్బర్ సింగ్‌ను కాళ్లతో తొక్కి చంపే దృశ్యం పోయి, చివరి క్షణంలో పోలీసులు వచ్చి చట్టం మాట చెప్పే దృశ్యం చేరింది. 1975 ఆగస్టు 15న మనం చూసింది అదే. మూల ముగింపుతో పునరుద్ధరించిన ప్రతిని 2025లో ఇటలీలోని బొలోన్యా చలనచిత్రోత్సవంలో వేశారు.

ఆ సినిమాకు సంబంధించి మూడో నిర్ణయం కూడా ఒకటుంది. విడుదలైన మొదటి రోజుల్లో స్పందన చప్పగా ఉండటంతో, జై చనిపోకుండా ముగింపు మళ్లీ తీయాలన్న ఆలోచన వచ్చింది. కొద్దిరోజులు చూద్దామని ఆగారు. జనం రావడం మొదలైంది, ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది. తీసుకోని ఇలాంటి నిర్ణయాల గురించి మన పత్రికల్లో ఎవరూ రాయరు.

ఈ సంగతులు మా నల్లగొండలాంటి చోట ఉన్న ప్రేక్షకుడికి ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. మా జిల్లా, పాలమూరు జిల్లా సినిమా వ్యాపార పటంలో నైజాం ఏరియా కిందికి వస్తాయి. సీడెడ్ (అంటే రాయలసీమ), ఆంధ్ర, నైజాం అన్న ఈ విభజన కేవలం డబ్బాలు పంపడానికి ఏర్పడింది కాదు. విడుదలకు ముందే ఏరియాల వారీగా వచ్చే అడ్వాన్సుల మీద తెలుగు సినిమా చాలాకాలం నడిచింది గనుక, డబ్బు పెట్టిన పంపిణీదారుకు కథ మీద, తారల మీద, పాటల సంఖ్య మీద మాట చెల్లేది. 1980లో ‘శంకరాభరణం’ తీసిన ఏడిద నాగేశ్వరరావు గారికి, పేరున్న తార ఎవరూ లేని సంగీత చిత్రాన్ని కొనడానికి పంపిణీదారులు వెనకాడటం ఒక అగ్నిపరీక్ష అయింది. ఆ భయానికి లొంగి శంకరశాస్త్రి పాత్రను ఒక పెద్ద నటుడికి ఇచ్చి, రెండు యుగళగీతాలు కలిపి ఉంటే, జె.వి. సోమయాజులు గారి పేరు ఈనాటి పిల్లలకు తెలిసేది కాదు. ఇక విడుదలయ్యాక చేసే కోతలు వేరే కథ. మొదటిరోజు టాక్ చూసి పది నిమిషాలో, పావుగంటో తీసేయడం ఇప్పుడు మామూలైపోయింది. శుక్రవారం ఉదయం గడియారం సెంటరు దగ్గర టికెట్టు కొన్నవాడూ, బుధవారం సాయంత్రం కొన్నవాడూ చూసేది ఒకే సినిమా కాదు. సమీక్షలు మాత్రం మొదటి ప్రతి మీదనే మిగిలిపోతాయి.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది భాష గురించిన నిర్ణయం. అది చిత్తుప్రతి దశలోనే జరుగుతుంది, ఎవరి కంటా పడదు. నాయకుడు ఏ ఊరివాడు, అతని నోట ఏ మాట రావాలి, అమ్మను ఏమని పిలవాలి అన్నవి మొదటి పది పుటల్లోనే తేలిపోతాయి. దశాబ్దాల తరబడి మన తెలంగాణ యాస తెరమీద ప్రతినాయకుడికి, అతని అనుచరులకు, మధ్యలో నవ్వించే సేవకుడికి మాత్రమే దక్కిందంటే, అందుకు ఏ ఒక్కరి దురుద్దేశమో అవసరం లేదు. మిగతా ఏరియాలవాళ్లకు అర్థం కాదేమోనన్న చిన్న సందేహం ప్రతి కథాచర్చలోనూ ఒకసారి వినిపిస్తే చాలు. 1992లో ‘మొండి మొగుడు పెంకి పెళ్లాం’లో విజయశాంతి గారు నాయికగా ఈ యాస మాట్లాడితే జనం కాదనలేదు. ఆ తరువాత కూడా ఆ సందేహం పోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

వ్యాపార సంస్థల చేతిలో లేని సినిమాల్లో ఏం జరిగిందో చూడటానికి ‘మా భూమి’ మంచి ఆధారం. 1979లో బి. నర్సింగరావు గారు నిర్మాతల్లో ఒకరుగా, గౌతమ్ ఘోష్ దర్శకుడిగా తయారైన ఆ చిత్రానికి మూలం కృష్ణచందర్ ఉర్దూలో రాసిన చిన్న నవల. దర్శకుడు బెంగాలీ, నవల ఉర్దూ, అయినా తెరమీద తెలంగాణ పల్లె తన గొంతుతోనే మాట్లాడింది. అందులో ఒక ఎంపికను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పశులగాసే పిల్లగాడి మీద కొత్త పాట రాయించుకోవడానికి బదులు, మా పాత నల్లగొండ జిల్లా సుద్దాల గ్రామానికి చెందిన సుద్దాల హనుమంతు గారు సాయుధ పోరాట కాలంలో కట్టిన ‘పల్లెటూరి పిల్లగాడా’ పాటనే తీసుకున్నారు. యాదగిరి కట్టిన ‘బండెనక బండి కట్టి’ కూడా అలాగే వచ్చి, గద్దర్ గొంతుతో ఊరూరా చేరింది. సినిమా కోసం రాయని పాటలను ఉన్నవి ఉన్నట్టు ఉంచాలన్న ఆ నిర్ణయాన్ని ఎవరు, ఏ చర్చలో చేశారో వివరంగా రాసిపెట్టిన కాగితం ఉంటే, సినిమా రాయాలనుకునే మా జిల్లా పిల్లలకు అదొక పాఠ్యపుస్తకం.

నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే చేతిపనిని తప్పించే ఆసు యంత్రం కనిపెట్టిన ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారి మీద 2019లో వచ్చిన ‘మల్లేశం’ కూడా ఈ కోవలోదే. రాజ్ రాచకొండ తానే దర్శకుడిగా, నిర్మాతల్లో ఒకరుగా ఉండటంవల్ల, చేనేత ఇంట్లో తల్లి భుజం నొప్పిని కథకు మూలంగా ఉంచగలిగారు. పెద్ద సంస్థలో అదే కథను చెబితే ప్రతినాయకుడు ఎవరని మొదటి ప్రశ్న వచ్చి ఉండేదని నా అనుమానం. అలాగని చిన్న నిర్మాతలు పవిత్రులనీ, పెద్ద నిర్మాతలు పాపులనీ నేను అనడం లేదు. ‘బాహుబలి’ కథను రెండు భాగాలుగా చెప్పాలనీ, కట్టప్ప కత్తి దిగిన చోట మొదటి భాగం ఆపాలనీ తీసుకున్న నిర్ణయం వందల కోట్ల వ్యాపారపు నిర్ణయమే. 2015 నుంచి 2017 దాకా దేశమంతా ఒకే ప్రశ్న అడిగేలా చేసిన కథన నిర్ణయం కూడా అదే.

కాబట్టి మీ సినిమా పేజీకి నా విన్నపం ఇది. వసూళ్ల పట్టికలకు, ట్రైలర్ విడుదల వార్తలకు ఇచ్చే చోటులో కొంత తగ్గించి, నెలకు ఒక్క సినిమా గురించయినా, దాని కథ మొదట ఏమిటి, ఎక్కడ మారింది, ఎవరి మాట మీద మారింది అన్నది సంబంధించిన రచయితలను, ఎడిటర్లను, సహాయ దర్శకులను అడిగి రాయించండి. వారిలో పెద్దవయసువారు చాలామంది ఇంకా మన మధ్య ఉన్నారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి ఒక్కటి కూడా ఈరోజు మనకు దొరకదు. సినిమానే దాచుకోలేనివాళ్లం దాని చిత్తుప్రతులను దాచుకున్నామని ఎవరు నమ్ముతారు? లాస్ ఏంజెలిస్ పక్కనున్న బెవర్లీ హిల్స్‌లో ఆస్కార్ అకాడమీ వారి మార్గరెట్ హెరిక్ గ్రంథాలయంలో వేలకొద్దీ స్క్రిప్టులు పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. మన దగ్గర రచయిత ఇల్లు మారితే ఆ కాగితాలు పాతసామాన్లవాడి తూకానికి పోతున్నాయి.

రాష్ట్ర ప్రభుత్వం 2025 నుంచి గద్దర్ పేరిట సినిమా అవార్డులు ఇస్తున్నది. వాటికి దరఖాస్తు చేసే ప్రతి చిత్రమూ తన షూటింగ్ స్క్రిప్టు ప్రతినొకదానిని, వీలైతే అంతకు ముందున్న ఒక చిత్తుప్రతినీ, సెన్సారు కోతల జాబితానూ, విడుదలయ్యాక తగ్గించిన దృశ్యాల వివరాన్నీ ఇవ్వాలన్న ఒక్క నిబంధన చేరిస్తే, ఖర్చు ఏమీ ఉండదు. వాటిని హైదరాబాదులోని ఏదైనా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంచి, విడుదలైన అయిదేళ్ల తరువాత చదువుకోనివ్వవచ్చు. వ్యాపార రహస్యమని నిర్మాతలు అభ్యంతరం చెబితే ఆ గడువును పదేళ్లు చేయండి. ఈ ప్రతిపాదన మీద సినిమా రచయితల సంఘం, నిర్మాతల మండలి ఏమంటాయో మీ పత్రిక ద్వారా తెలుసుకోవాలని ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
నల్లగొండ